స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలంటే: కోర్సు ఎంపిక నుంచి మొదటి ఏడాది తరగతి దాకా

వైకల్యమున్న పిల్లలకు చదువూ రోజువారీ పనులూ నేర్పే ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఏ కోర్సు చేయాలి, ఏ నోటిఫికేషన్ వస్తుంది అని. అవి తెలుసుకోవాల్సిందే, కింద చెప్పాం. కానీ తరగతిలో నిలబెట్టేవి వేరే రెండు ఉన్నాయి. పెద్ద పనిని పిల్లవాడు ఈ రోజు చేయగలిగినంత చిన్న ముక్కగా విడగొట్టడం ఒకటి. ఆ ముక్క వచ్చిందా రాలేదా అన్నది ఏ రోజుకారోజు కాగితం మీద రాయడం రెండోది. ఎంత ప్రేమ ఉన్నా ఈ రెండూ రాకపోతే ఏడాది గడిచాక పిల్లవాడు జూన్‌లో ఉన్నచోటే ఉంటాడు.

చేరే ముందు

ఫీజు కట్టకముందే మీ దగ్గర్లోని ప్రత్యేక పాఠశాలకో, మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికో వెళ్ళి అనుమతి తీసుకుని, కనీసం రెండు వారాలు ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చోండి. ఒక్క పూట చూస్తే పండగ వాతావరణమే కనిపిస్తుంది. రెండో వారానికి అసలు పని తెలుస్తుంది. చొంగ తుడవాలి, బట్టల్లో మూత్రం పోసుకుంటే మార్చాలి, కొరికినా జుట్టు పట్టుకున్నా మొహంలో కోపం కనబడకుండా విడిపించుకోవాలి. ఒక్క పదం కోసం మూడు నెలలు ఎదురుచూడాలి. ఇవన్నీ చూశాక కూడా మళ్ళీ వెళ్ళాలనిపిస్తే ధైర్యంగా చేరండి.

కోర్సు, అనుమతి, రిజిస్ట్రేషన్

ఇంటర్ తర్వాత అయితే రెండేళ్ళ డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్, డిగ్రీ తర్వాత అయితే బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్. రెండింటికీ సాధారణంగా 50 శాతం మార్కులు కావాలి, రిజర్వుడు వర్గాలకూ వికలాంగులకూ సడలింపు ఉంటుంది. ప్రాథమిక తరగతుల్లో, చిన్న పిల్లలతో పని చేయాలనుకుంటే డీఎడ్ చాలు. ఉన్నత పాఠశాల స్థాయి పోస్టులకు బీఎడ్ కావాలి.

మామూలు బీఎడ్‌లో అందరూ ఒకే డిగ్రీతో బయటికొస్తారు. ఇక్కడ అలా కాదు, ఒక వైకల్య విభాగాన్ని ఎంచుకోవాలి. మేధో వైకల్యం, వినికిడి లోపం, దృష్టి లోపం, ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ (తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు కష్టమవడం) లాంటి విభాగాలున్నాయి. దృష్టి లోపం తీసుకుంటే బ్రెయిలీ పలక, టేలర్ ఫ్రేమ్ (తడిమి లెక్కలు చేసే చట్రం), అబాకస్ మీ చేతికే ముందు రావాలి. వినికిడి విభాగంలో ఆడియోగ్రామ్ (ఎంత వినబడుతుందో చూపే పరీక్ష గ్రాఫు) చదవడం, సైగల భాష తప్పవు. సీటు ఖాళీగా ఉంది కదా అని విభాగం మార్చుకోవద్దు, ఉద్యోగమంతా దానితోనే నడుస్తుంది. అయితే ఏ విభాగంలో చదివినా రేపు మీ ముందు అన్ని రకాల పిల్లలూ కూర్చుంటారు. 1995 నాటి వికలాంగుల చట్టం 7 వైకల్యాలనే గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచింది. అందుకే ఇంటర్న్‌షిప్‌లో మీది కాని విభాగంలో కూడా కొన్నాళ్ళు పని అడిగి తీసుకోండి.

మనవాళ్ళకు దగ్గర్లో పెద్ద సంస్థ సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్‌నగర్‌లో ఉంది. 1984లో మొదలైన ఆ జాతీయ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. మేధో వైకల్యం మీద అక్కడ తయారైన పరీక్షా పత్రాలను, అంటే పిల్లవాడికి ఏమేం వచ్చో అంచనా వేసే పత్రాలను, దేశమంతా వాడుతున్నారు. వినికిడికి అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఎక్కువమంది మోసపోయేది కాలేజీ ఎంపికలోనే. ఈ కోర్సులకు అనుమతిచ్చే జాతీయ మండలి రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ. అది అనుమతిని ఒక కాలేజీ మొత్తానికి కలిపి ఇవ్వదు. ఆ సంస్థలో, ఆ కోర్సుకు, ఆ విభాగానికి, ఆ విద్యా సంవత్సరానికి అని ఇస్తుంది. కాబట్టి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని జాబితాలో నాలుగూ కలిసి కనబడితేనే ఫీజు కట్టండి. 'మాకు ఆర్‌సీఐ అనుమతి ఉంది' అని బోర్డు పెట్టిన చోట మేధో వైకల్యానికి ఉండి ఆటిజానికి లేకపోవచ్చు. మూడు నెలల 'థెరపిస్టు' సర్టిఫికెట్లతో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వృత్తి చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

పరీక్ష పాసైన వెంటనే కేంద్ర పునరావాస రిజిస్టరులో, అంటే సీఆర్ఆర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్, మార్కుల మెమోలు, పాస్ సర్టిఫికెట్, ఆధార్, ఫోటో దగ్గర పెట్టుకోండి. మనవాళ్ళ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. పదో తరగతిలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్ళయిన ఆడవాళ్ళకైతే ఇంటిపేరే మారిపోయి ఉంటుంది. కోర్సులో చేరేరోజే అన్నింట్లో పేరు పదో తరగతిలో ఉన్నట్టు సరిచేయించుకోండి. రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్ళకోసారి పునరుద్ధరించాలి. అందుకు సీఆర్ఈ శిక్షణలకు, అంటే వృత్తిలో ఉన్నవాళ్ళ కోసం జరిగే కొనసాగింపు శిక్షణలకు, వెళ్ళి పాయింట్లు కూడబెట్టుకోవాలి. గడువు ముగిసే ఏడాది హడావిడి పడకుండా ఏటా ఒకటి రెండు శిక్షణలకు వెళ్ళి ఆ సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైలులో పెట్టండి.

పని ఎక్కడ దొరుకుతుంది

ప్రభుత్వంలో రెండు దారులు. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాల్లో ఐఈఆర్పీలుగా, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లుగా, ఒప్పంద ఉద్యోగం ఒకటి, డీఎస్సీ ద్వారా రెగ్యులర్ పోస్టు రెండోది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టులు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో టెట్ రాసేటప్పుడు జాగ్రత్త. ప్రత్యేక విద్యకు 1బి, 2బి పేపర్లు వేరుగా ఉంటాయి. అలవాటుగా మామూలు టీచర్ల 1ఎ పేపరుకి దరఖాస్తు చేస్తే ఆ ఏడాది పోయినట్టే. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టుల కోసం వినతిపత్రాలు ఇచ్చేటప్పుడు ఈ లెక్కనే చూపించండి.

ప్రైవేటులో సీబీఎస్ఈ స్కూళ్ళు, ప్రత్యేక పాఠశాలలు, థెరపీ సెంటర్లు, ఇంటికి వెళ్ళి చెప్పడం ఉన్నాయి. మొదటి రెండేళ్ళూ ఇంటి ట్యూషన్లతో మొదలుపెట్టొద్దన్నది మా గట్టి అభిప్రాయం. డబ్బు కాస్త ఎక్కువే రావచ్చు, కానీ మీ పొరపాటును చూసి సరిదిద్దేవాళ్ళు పక్కన ఉండరు.

మొదటి మూడు వారాలు: పాఠం కాదు, చూడటం

కొత్త పిల్లవాడు రాగానే అక్షరాల చార్టు తీయొద్దు. మొదటి వారం ఆడుకోండి, వాడికి ఏది ఇష్టమో పట్టుకోండి. నీళ్ళతో ఆట, బండి తాళాల చప్పుడు, మరమరాలు, ఫ్యాన్ వైపు చూడటం, ఏదైనా కావచ్చు. కనీసం అయిదు రాసుకోండి. రేపు వాడు కష్టమైన పని చేసినప్పుడు మీ చేతిలో ఉండే బహుమతులు అవే.

రెండో వారం ఇంట్లోవాళ్ళతో కూర్చోండి. 'బాబుకి ఏం రాదు?' అని అడిగితే తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుని 'ఏమీ రాదు మేడమ్' అంటుంది. 'అమ్మా, పొద్దున లేచినప్పటి నుంచి బాబు తనంతట తాను ఏమేం చేసుకుంటాడో చెప్పండి' అని అడగండి. చెప్పు వేసుకుంటాడు, దాహమైతే బిందె దగ్గరికి వెళ్తాడు, బండి శబ్దం విని నాన్న వచ్చాడని గుర్తుపడతాడు అని ఒక్కొక్కటే బయటికొస్తుంది. మీ ప్రణాళిక అక్కడి నుంచే మొదలవుతుంది.

మూడో వారం పరీక్షా పత్రం నింపండి. మేధో వైకల్యానికి ఎఫ్ఏసీపీ గానీ ఎండీపీఎస్ గానీ వాడతారు. రెండూ పిల్లవాడు ఏ పనులు చేయగలడో అంచనా వేసే పట్టికలు. ఎండీపీఎస్‌లో 18 విభాగాలు, విభాగానికి 20 చొప్పున 360 అంశాలుంటాయి. ఒక్క పూటలో పూర్తి చేయాలని చూడొద్దు. పిల్లవాడు అలిసిపోతే వచ్చిన పని కూడా రానట్టు నమోదవుతుంది. వచ్చు, రాదు అనే రెండు గడులతో కూడా సరిపెట్టొద్దు. సాయం లేకుండా చేశాడా, చూపిస్తే చేశాడా, నోటితో చెబితే చేశాడా, చేయి పట్టుకుంటే చేశాడా అని రాయండి. ఏడాది ఎదుగుదలంతా ఈ గడుల మధ్యే కనిపిస్తుంది.

ఐఈపీ రాయడం

ఐఈపీలో, అంటే ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో, తప్పులన్నీ లక్ష్యం రాసే వాక్యంలోనే జరుగుతాయి. 'డబ్బు విలువ తెలుసుకుంటాడు' అని రాస్తే తెలుసుకున్నాడో లేదో ఎవరూ చెప్పలేరు. ఇలా రాయాలి: '10, 20, 50 రూపాయల నోట్లు ఎదురుగా పెట్టి 10 రూపాయలు ఇవ్వు అంటే, సాయం లేకుండా 5 సార్లలో 4 సార్లు సరైన నోటు తీసి ఇస్తాడు. గడువు ఆగస్టు 31.' ఏం పెట్టి అడుగుతారు, ఏం చేస్తాడు, ఎన్నిసార్లు, ఎప్పటిలోగా అన్న నాలుగూ ఉండాలి.

ఏడాదికి పెద్ద లక్ష్యాలు నాలుగైదు చాలు, మూడు నెలలకు వాటి ముక్కలు. పది పన్నెండు రాస్తే ఫైలు బరువు పెరుగుతుంది తప్ప ఏదీ పూర్తికాదు. వాటిలో కనీసం ఒకటి ఇంట్లోవాళ్ళు అడిగింది ఉండాలి. మనకు అంకెలు ముఖ్యమనిపిస్తాయి. తల్లికి రాత్రి పక్క తడవకపోవడం ముఖ్యం.

డబ్బు నేర్పడానికి బజారులో దొరికే ఆట నోట్లు వాడొద్దు. వాటి సైజు, రంగు, ముట్టుకుంటే తగిలే తీరు వేరు కాబట్టి తరగతిలో వచ్చింది కొట్టు దగ్గర పోతుంది. నిజమైన నోట్లే వాడండి. చాలా ఊళ్ళలో కొట్టువాళ్ళు 10 రూపాయల బిళ్ళ తీసుకోవడానికి వెనకాడతారు. అది చెల్లే నాణెమే అయినా ముందు నోటు నేర్పండి, బిళ్ళ తర్వాత.

ఒక పని ఎలా నేర్పాలి: చేత్తో అన్నం తినడం

స్పూనుతో తినడం గురించి పుస్తకాల్లో చాలా ఉంటుంది. మన ఇళ్ళలో కావాల్సింది చేత్తో తినడం. దాన్ని ఇలా విడగొట్టొచ్చు: చేయి కంచంలో పెట్టడం, అన్నం పప్పు కలపడం, వేళ్ళ కొసలతో ముద్ద దగ్గరకు తీయడం, ఎత్తడం, నోటిదాకా తేవడం, బొటనవేలితో నోట్లోకి నెట్టడం.

మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే కలపడం దగ్గరే పిల్లవాడు విసిగిపోతాడు. చివరి నుంచి వెనక్కి రండి. ముద్ద నోటి దగ్గరకు వచ్చేదాకా చేయి పట్టుకుని మీరే తెచ్చి, నెట్టడం మాత్రం వాడికి వదలండి. పని పూర్తి చేసింది వాడే, అన్నం రుచీ ఆ క్షణంలోనే తగులుతుంది. వేరే బహుమతి అక్కర్లేదు. వరసగా మూడు రోజులు 10 ముద్దల్లో 8 సాయం లేకుండా వెళ్తే, నోటిదాకా తేవడం కూడా వాడికి వదలండి. అలా ఒక్కో మెట్టూ వెనక్కి.

ఎదురుగా కూర్చుంటే మీ చేయి తిరగబడి పట్టు సరిగా కుదరదు. పిల్లవాడి వెనక కూర్చుని వాడి చేతి మీద మీ చేయి వేయండి. సాయం తగ్గించేటప్పుడు ఒక్కసారిగా వదలొద్దు. వేళ్ళ మీద నుంచి మణికట్టుకు, అక్కడి నుంచి మోచేతికి, తర్వాత భుజం మీద తట్టడానికి మారాలి.

మెత్తగా ఉడికిన పప్పన్నంలో కాస్త నెయ్యి వేస్తే ముద్ద నిలుస్తుంది. చారన్నంతో మొదలుపెడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. అంచున్న కంచం తీసుకుని, కదలకుండా అడుగున తడిగుడ్డ వేయండి. మరీ ఆకలి మీద ఉన్నప్పుడు నేర్చుకోలేడు కాబట్టి ముందు రెండు ముద్దలు పెట్టి, తర్వాతి పది ముద్దలు నేర్పి, మిగిలింది మామూలుగా పెట్టేయండి. కుడి వైపు చచ్చుబడిన పిల్లలకు ఎడమచేత్తోనే నేర్పాలి. పెద్దవాళ్ళు అభ్యంతరపెడతారు కాబట్టి మొదలుపెట్టేముందే అమ్మమ్మ, నాయనమ్మలతో కూడా మాట్లాడండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లలు తింటున్నప్పుడు తరచూ పొలమారినా దగ్గినా ఈ పాఠం ఆపి, ముందు డాక్టరుకూ స్పీచ్ థెరపిస్టుకూ చూపించాలి.

స్కూల్లో తింటూ ఇంట్లో తినకపోవడం అన్నింటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది. ఇంట్లో అమ్మకు తొందర, కలిపి పెట్టేస్తుంది. ఆమెను తప్పుపట్టొద్దు. ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట, పది ముద్దలు మాత్రమే అని అడగండి. అది ఆమెకు కుదిరే పని.

చదవడం రాని పిల్లలకు తెలుగు

లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్న పిల్లలకు అ, ఆ, ఇ, ఈ వరసలో 56 అక్షరాలు పూర్తిచేసి ఆపై పదాలు అంటే రెండేళ్ళయినా చదువు రాదు. తరచూ వచ్చే, చూడ్డానికి ఒకదానికొకటి పోలిక లేని నాలుగు అక్షరాలతో మొదలుపెట్టండి. ల, త, ప, క వస్తే చాలు, తల, కల, కలప, పలక చదివేస్తాడు. ప వచ్చాక వ నేర్పడానికి కనీసం రెండు వారాల ఎడం పెట్టండి. ప-వ-ష, డ-ద, బ-భ లాంటివి పక్కపక్కన నేర్పితే రెండూ కలగాపులగమవుతాయి. గుణింతాల్లో ముందు దీర్ఘం, తర్వాత గుడి, కొమ్ము. ఒత్తుల జోలికి అవి గట్టిపడ్డాకే వెళ్ళాలి. రోజుకు 20 నిమిషాలు, కొత్త అక్షరం వారానికి ఒకటి రెండు మించొద్దు.

వినికిడి యంత్రం పెట్టుకునే పిల్లలుంటే మొదటి పీరియడ్‌కు ముందే యంత్రం పరీక్షించండి. ఒక మీటరు దూరంలో వెనక నిలబడి ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ శబ్దాలు ఒక్కొక్కటిగా అనాలి, విన్న ప్రతిసారీ పిల్లవాడు చేయెత్తాలి. నిన్న ఆరూ విని ఈ రోజు స్, ష్ వినకపోతే ముందు బ్యాటరీ, తర్వాత గొట్టంలో చెమట నీరు, గులిమి చూడండి. యంత్రం ఆగిపోయి కూర్చున్న పిల్లవాడిని చాలా తరగతుల్లో బుద్ధిమంతుడు, అల్లరి చేయడు అనుకుంటారు.

పలక విసిరేస్తే

మూడు గడుల కాగితం గీసుకోండి: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. అయిదు రోజులు రాశాక చూస్తే విషయం తేలుతుంది. రాత పని ఇవ్వగానే విసురుతున్నాడు, మనం కోప్పడి బయట నిలబెడుతున్నాం. అంటే పని తప్పించుకోవడానికి విసిరితే చాలని మనమే నేర్పుతున్నాం. పనిని రెండు అక్షరాలకు తగ్గించి, 'అయిపోయింది' అని చెప్పడానికో సైగో కార్డో నేర్పి, అది చూపగానే నిజంగా వదిలేయండి. విసిరితే మాత్రం ఆ రెండు అక్షరాలూ పూర్తయ్యాకే లేవనివ్వాలి. మొదటి వారం విసరడం తగ్గకపోగా పెరుగుతుంది. పాత పద్ధతి పనిచేయడం లేదని వాడు గట్టిగా ప్రయత్నిస్తున్నాడన్నమాట. చాలామంది ఉపాధ్యాయులు సరిగ్గా అక్కడే వదిలేస్తారు, దాంతో అది మరింత గట్టి అలవాటవుతుంది.

మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్ట వదులు చేయండి, టైము చూడండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం చేయొద్దు. అయిదు నిమిషాలు దాటినా, ఆగి వెంటనే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఏ పిల్లలు మూర్ఛ మందులు వాడుతున్నారో, ఎంత మోతాదో గోడ మీద కాకుండా మీ డైరీలో ఉండాలి.

కాగితాలు

ఇంట్లోవాళ్ళకు దారి చూపడం కూడా మీ పనే. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వచ్చినవాళ్ళకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. యూడీఐడీ కార్డు, అంటే వైకల్యమున్నవారికి దేశమంతా చెల్లే గుర్తింపు కార్డు, లేకపోతే ముందు దానికి దరఖాస్తు చేయించండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకం కింద లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉంది. అది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. సమగ్ర శిక్షలో ఆడపిల్లలకు స్టయిఫండు ఉంది, బ్యాంకు ఖాతా వివరాలు తప్పుగా పడితే డబ్బు రాదు కాబట్టి పాస్‌బుక్ చూసే నింపండి. పదో తరగతి పిల్లలకు స్క్రైబ్ (పరీక్ష రాసిపెట్టే సహాయకుడు), గంటకు 20 నిమిషాల అదనపు సమయం లాంటివి హాల్‌టికెట్ వచ్చాక అడిగితే దొరకవు. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, పంపేటప్పుడే ధ్రువపత్రం జతచేయాలి. 18 ఏళ్ళు నిండాక సంరక్షకుల నియామకానికి కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలని పదహారో ఏటే ఇంట్లో చెప్పండి.

ఏప్రిల్‌లో ఫైలు ముగించేటప్పుడు వచ్చే ఏడాది టీచరును దృష్టిలో పెట్టుకోండి. పరీక్షా పత్రం, మూడు నెలల లక్ష్యాలు, రోజువారీ నమోదు ఎలాగూ ఉంటాయి. వాటిపైన ఒక్క పేజీ అదనంగా పెట్టండి: పిల్లవాడికి ఇష్టమైన అయిదు వస్తువులు, భయపడే శబ్దాలు, బాత్రూమ్‌కి వెళ్ళాలంటే వాడు చేసే సైగ, వాడే మందులు, ఇప్పుడు నేర్చుకుంటున్న పనిలో ఎన్నో మెట్టు మీద ఉన్నాడు, ఎంత సాయంతో చేస్తున్నాడు. ఈ పేజీ లేకపోతే కొత్తవాళ్ళు మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెడతారు, పిల్లవాడికి ఒక త్రైమాసికం పోతుంది.